ప్యాడిల్ షిఫ్టర్లు: ఇంటి కారులో పనికొచ్చేది ఎడమ మీటే

ఆటోమేటిక్ కారు చూడ్డానికి షోరూమ్‌కు వెళ్తే స్టీరింగ్ వెనక ఉన్న రెండు చిన్న మీటలను ప్రత్యేకంగా చూపిస్తారు. కుడి పక్కన ప్లస్, అది లాగితే పై గేరు; ఎడమ పక్కన మైనస్, అది లాగితే కింది గేరు. రేసు కార్లలో ఉండేవి ఇవేనని, అందుకే పై వేరియంట్లలోనే ఇస్తున్నామని చెబుతారు. కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారం సరదాగా నాలుగుసార్లు లాగి చూస్తారు, ఆ తర్వాత వాటి ఊసే ఎత్తరు. పిల్లలను బడిలో దింపడానికి, ఆదివారం గుట్టకు పోవడానికి, పెళ్లిళ్లకు హైదరాబాద్ వెళ్లి రావడానికి వాడే ఇంటి కారులో ఈ మీటలకు పనేముంటుంది?

పని ఉంది. కాకపోతే అది అమ్మేవాళ్లు చెప్పే పని కాదు. ఈ మీటలతో వేగం పెంచుకోవడంలో మామూలు కారుకు ఒరిగేది చాలా తక్కువ. బండిని అదుపులో పెట్టి నెమ్మదింపజేయడంలో మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. కుడి మీటను ఎప్పుడూ ముట్టుకోకపోయినా నష్టం లేదు. ఎడమ మీట ఏం చేస్తుందో, ఎక్కడ వాడాలో నల్లగొండ, పాలమూరు వైపు కారు నడిపే ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. ముఖ్యంగా శ్రీశైలం వెళ్లేవాళ్లు.

ఈ మీటలు రేసుల నుంచి వచ్చాయన్నది నిజమే. 1989లో ఫెరారీ 640 అనే ఫార్ములా వన్ కారులో జాన్ బర్నార్డ్ అనే డిజైనర్ వీటిని పెట్టాడు. ఆ ఏడాది బ్రెజిల్‌లో జరిగిన మొదటి రేసులోనే నైజెల్ మాన్సెల్ ఆ కారుతో గెలిచాడు. చెయ్యి స్టీరింగ్ మీది నుంచి తీయకుండా గేరు మార్చడమే అందులోని లాభం. 1997లో ఫెరారీ రోడ్డు మీద తిరిగే ఎఫ్355 కారుకూ ఆ ఏర్పాటు ఇచ్చింది. మన దగ్గర 2006 నాటి హోండా సివిక్ ఆటోమేటిక్‌లో ఇవి ఉండేవి. ఆ తర్వాత మెల్లమెల్లగా కిందికి దిగాయి. 2022లో మారుతి బ్రెజా, ఎర్టిగాలు ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో పాటు వీటినీ తెచ్చుకున్నాయి. 2023లో హ్యుందాయ్ ఎక్స్‌టర్ ఏఎంటీలోనూ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రం నడిపే రకం) వచ్చాయి. అంటే నలుగురైదుగురు ఉన్న మధ్యతరగతి ఇంటి బండిలోకి వచ్చేశాయి. రేసు డ్రైవర్‌కు క్షణంలో వెయ్యో వంతు కలిసొస్తే చాలు. మనకు ఆ లెక్క అక్కర్లేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉండటం అన్న లాభమే ఇక్కడ అసలైనది.

దీని అవసరం తెలియాలంటే ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎలా నిర్ణయం తీసుకుంటుందో చూడాలి. బండి వేగం ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజన్ మీద బరువు ఎంత పడుతోంది అన్నవి చూసుకుని గేర్‌బాక్స్‌లోని కంప్యూటర్ గేరు ఎంచుకుంటుంది. చదును రోడ్డు మీద ఈ లెక్క చక్కగా సరిపోతుంది. కానీ దానికి ముందున్న రోడ్డు కనబడదు. వంద గజాల తర్వాత మలుపు ఉందని, ఆ మలుపు తర్వాత దిగుడు ఉందని దానికి తెలియదు. దిగుడులో డ్రైవర్ యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేస్తాడు కదా, అప్పుడు కంప్యూటర్ ‘ఇక బలం అక్కర్లేదన్నమాట’ అనుకుని పై గేరుకు వెళ్లిపోతుంది. పై గేరులో ఇంజన్ బండిని పట్టి ఉంచదు. బండి వేగం పుంజుకుంటుంది. అప్పుడు మిగిలింది బ్రేకే. కొత్త కార్లలో కొన్ని దిగుడును పసిగట్టి బ్రేక్ తొక్కగానే తమంతట తామే ఒక గేరు దించుతాయి. అది మంచిదే, కానీ అప్పటికే వేగం పెరిగి ఉంటుంది.

దక్షిణ తెలంగాణలో చాలావరకు నేల చదునే. హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీదా, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి కర్నూలు వెళ్లే 44వ నంబరు రహదారి మీదా ఎడమ మీటతో పెద్దగా పని పడదు. పని పడేది 765వ నంబరు రోడ్డు మీద. ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు చేరాక ఆ రోడ్డు స్వభావమే మారిపోతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోంచి వెళ్లి, దోమలపెంట దాటాక నల్లమల మీది నుంచి కృష్ణ లోయలోకి మెలికలు తిరుగుతూ దిగుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లను వదలరు కాబట్టి, సాయంత్రం ఆలస్యంగా బయల్దేరినవాళ్లు గేటు వేసేలోపు దాటాలన్న తొందరలో ఉంటారు. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, నడిపేది ఏడాదంతా చదును రోడ్ల మీద నడిపిన చెయ్యి. ఈ మూడూ కలిసిన చోట బ్రేకుల మీద ఎంత భారం పడుతుందో లెక్క వేసి చూడటం మంచిది.

మనుషులతో సహా 1,500 కిలోలు ఉన్న కారు 200 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తి దాదాపు 29 లక్షల జౌళ్లు. మామూలు చల్లదనంలో ఉన్న దాదాపు పది లీటర్ల నీళ్లను మరిగే స్థితికి తేవడానికి అంత శక్తి చాలు. బండి వేగం పెరగకుండా కిందికి చేరాలంటే ఈ వేడంతా ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ఇంజన్ పంచుకోకపోతే చాలావరకు నాలుగు చక్రాల దగ్గరున్న డిస్కులు, డ్రమ్ముల మీదే పడుతుంది. కాలు తీయకుండా బ్రేక్ నొక్కి పెట్టి దిగితే అవి చల్లబడే అవకాశమే ఉండదు. మొదట మాడిన వాసన వస్తుంది. ఆ తర్వాత ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. అన్నిటికంటే ప్రమాదమైంది బ్రేక్ ఆయిల్ మరగడం. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి, డాట్ 4 రకమైతే 230. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరాక ఆ హద్దులు 140, 155 డిగ్రీలకు పడిపోతాయి. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది కాబట్టి పెడల్ కాలి కింద మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. ఏళ్ల తరబడి బ్రేక్ ఆయిల్ మార్చని కారులో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. సర్వీసింగ్‌లో ఇంజన్ ఆయిల్ గురించి అడిగినంత శ్రద్ధగా బ్రేక్ ఆయిల్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇది మారాలి.

మాన్యువల్ కారు నడిపినవాళ్లకు దీనికి మందు తెలుసు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు క్లీనర్లకు నేర్పుతారు. ఎడమ మీట ఆటోమేటిక్ కారులో ఆ పద్ధతిని తిరిగి చేతికి ఇస్తుంది. దిగుడు మొదలు కాకముందే ఒకసారి లాగితే ఒక గేరు దిగుతుంది. ఇంజన్ శబ్దం పెరుగుతుంది, బండి వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు నిదానిస్తుంది. ఇంకా వేగం పెరుగుతుంటే మరోసారి లాగాలి. సాధారణంగా ఘాట్ దిగుడులో మూడో గేరు, మలుపులు బాగా తిరిగే చోట రెండో గేరు సరిపోతాయి. బ్రేక్ వాడకూడదని కాదు. మలుపుకు ముందు గట్టిగా కాసేపు తొక్కి, వేగం తగ్గగానే వదిలేయాలి. మధ్యలో డిస్కులకు గాలి తగలాలి.

శబ్దం విని భయపడేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు మూడు వేలు దాటితే పెట్రోలు తాగేస్తుందేమో, ఇంజన్ పాడవుతుందేమో అని వెంటనే పై గేరుకు మార్చేస్తారు. రెండు భయాలూ అనవసరం. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసి గేరులో దిగుతున్నప్పుడు ఇప్పటి ఇంజన్లు ఇంధనం పోయడమే ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. ఇంజన్ తట్టుకోలేని గేరు అడిగితే కంప్యూటర్ ఒప్పుకోదు, టింగుమని శబ్దం చేసి ఊరుకుంటుంది. అంటే పొరపాటున రెండుసార్లు ఎక్కువ లాగినా ఇంజన్‌కు హాని జరగదు. నిజంగా ఇంధనం ఖర్చు చేసేది, ప్రాణాల మీదికి తెచ్చేది ఇంకో అలవాటు: మైలేజీ వస్తుందని దిగుడులో న్యూట్రల్ వేయడం. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా తిరగడానికి ఇంధనం కావాలి, పైగా బండి మీద ఇంజన్ పట్టు పూర్తిగా పోతుంది. మాన్యువల్ రోజుల నుంచి వచ్చిన ఈ అలవాటును ఆటోమేటిక్‌లోనూ కొనసాగించేవాళ్లు ఉన్నారు. దీన్ని ఇవాళే మానేయాలి.

ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. గేర్ లివర్ డీ (డ్రైవ్) లోనే ఉంచి ఎడమ మీట లాగితే చాలా కార్లలో కొద్ది సెకన్ల తర్వాత గేర్‌బాక్స్ మళ్లీ తన ఇష్టానికి వెళ్లిపోతుంది. చిన్న దిగుడుకు అది చాలు. చెర్వుగట్టు, మన్యంకొండ, యాదగిరిగుట్ట లాంటి గుట్టల మీది నుంచి దిగడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. శ్రీశైలం ఘాట్ లాంటి పొడవైన దిగుడులో మాత్రం లివర్‌ను ముందే ఎం (మాన్యువల్) లోకి, కొన్ని కార్లలో ఎస్ (స్పోర్ట్) లోకి మార్చుకుని ఆ తర్వాత మీట వాడాలి. అప్పుడే పెట్టిన గేరు నిలుస్తుంది.

ఇక ఓవర్‌టేక్. ఇక్కడ కూడా పనికొచ్చేది ఎడమ మీటే. హాలియా నుంచి మిర్యాలగూడ వైపు, కల్వకుర్తి నుంచి దేవరకొండ వైపు రెండు వరుసల రోడ్ల మీద వానాకాలం పంట కోతల సమయంలో నడిపినవాళ్లకు ఈ పరిస్థితి బాగా తెలుసు. ముందు పత్తి నింపిన ట్రాలీ, దాని ముందు వరికోత మిషన్, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు. మిల్లుకు పోయే లారీ వెనక 40, 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆటోమేటిక్ ఇంధనం ఆదా కోసం పై గేరులో కూర్చుంటుంది. ఖాళీ దొరికిందని యాక్సిలరేటర్ తొక్కితే కంప్యూటర్ ఆలోచించి గేరు దించి బలం అందించేసరికి కొంత ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యం కారు ఎదుటి వరుసలోకి వచ్చాక జరగడమే ప్రమాదం. రెండు బండ్లూ 60 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరం సెకనుకు 33 మీటర్లు తరిగిపోతుంది. లారీ వెనక ఉన్నప్పుడే ఎడమ మీట ఒకటి రెండుసార్లు లాగి గేరు దించుకుంటే ఆ ఆలస్యమంతా మన వరుసలో ఉండగానే అయిపోతుంది. ఎదుటి రోడ్డు పూర్తిగా కనబడితే అప్పుడు తొక్కాలి, బలం వెంటనే వస్తుంది. కనబడకపోతే వెనకే ఉండాలి. మీట వల్ల కారుకు కొత్త బలమేమీ రాదు. యాక్సిలరేటర్ నేలకు ఆనేలా తొక్కినా గేర్‌బాక్స్ చివరికి అదే గేరుకు దిగుతుంది. తేడా అంతా ముందుగా సిద్ధం కావడంలోనే ఉంది. రెండు వరుసల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం 70 కిలోమీటర్లు అన్నది కూడా మరవకూడదు. మీట చేతిలో ఉందని ఇరుకు సందుల్లో దూరే ధైర్యం వస్తే మీట లేకపోవడమే మేలు.

గేర్‌బాక్స్ రకాన్ని బట్టి మీట స్పందన మారుతుంది. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ రకంలో గేరు మెత్తగా, నమ్మకంగా మారుతుంది. రెండు క్లచ్‌ల డీసీటీలో లాగిందే తడవు మారిపోతుంది, మీటలకు బాగా కుదిరే గేర్‌బాక్స్ ఇదే. సీవీటీలో నిజానికి విడివిడి గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు జారుతూ నిష్పత్తి మారుస్తుంది. అక్కడ మీట చేసేది కొన్ని మెట్లను కల్పించడమే, అయినా దిగుడులో ఇంజన్ పట్టు దొరుకుతుంది. జాగ్రత్త పడాల్సింది ఏఎంటీతో. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఈ రకం లోపల మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే, గేరు మార్చే పనులు మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారే క్షణంలో క్లచ్ విడిపోతుంది కాబట్టి ఆ కాసేపు బండి మీద ఇంజన్ పట్టు ఉండదు. అందుకని ఏఎంటీలో దిగుడు మధ్యలో, మలుపులో గేరు దించకూడదు. దిగుడు మొదలయ్యే ముందే, నేరుగా ఉన్న చోటే ఆ పని పూర్తి చేయాలి.

కుడి మీట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పై గేరుకు ఎప్పుడు మారాలో కంప్యూటర్‌కు మనకంటే బాగా తెలుసు. ఒక్క సందర్భం ఉంది: వానలకు నల్లరేగడి బురదలో, చెరువు కట్ట పక్క మట్టి దారిలో చక్రం గిర్రున తిరుగుతుంటే ఎం మోడ్‌లో రెండో గేరు పెట్టి మెల్లగా కదిలించవచ్చు. రెండో గేరులో చక్రానికి అందే బలం తగ్గుతుంది కాబట్టి జారడం తగ్గుతుంది. కొన్ని కార్లు దీన్ని అనుమతించవు.

ఇంట్లో ఒకే కారును ముగ్గురు నడిపే చోట ఇంకో ఇబ్బంది వస్తుంది. స్టీరింగ్ తిప్పేటప్పుడు వేలు తగిలి మీట కదులుతుంది. డ్యాష్‌బోర్డు మీద డీ బదులు ఎం3 అని కనబడుతుంది, ఇంజన్ అరుస్తుంది, నడిపేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఏదో పాడైందని రోడ్డు మధ్యలో ఆపేవాళ్లూ ఉంటారు. అది లోపం కాదు. కాసేపు మామూలుగా నడిపితే దానంతటదే డీ లోకి వస్తుంది. చాలా కార్లలో కుడి మీటను రెండు సెకన్లు పట్టి ఉంచినా వస్తుంది. ఇంట్లో నడిపే ప్రతివారికీ, పెళ్లికో యాత్రకో మాట్లాడుకున్న డ్రైవర్‌కూ ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచాలి. చాలా కార్లలో మీటలు స్టీరింగ్‌తో పాటే తిరుగుతాయి. స్టీరింగ్ బాగా తిప్పి ఉన్నప్పుడు ఎడమది కుడి పక్కకు వచ్చేస్తుంది. అందుకని మలుపులోకి వెళ్లాక మీట వెతకడం తప్పు.

మీటతో గేరు దించి నెమ్మదించినప్పుడు వెనక బ్రేక్ లైట్లు వెలగవు. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. వెనక బస్సు అంటుకుని వస్తుంటే బ్రేక్ పెడల్‌ను తేలికగా తాకి లైటు వెలిగించాలి. తడి రోడ్డు మీద ఒకేసారి రెండు గేర్లు దించితే ముందు చక్రాలు జారవచ్చు. ఒక్కోటి దించుకుంటూ రావాలి.

మరి వీటి కోసం పై వేరియంట్‌కు డబ్బు పెట్టాలా? మీటల కోసమే అయితే అక్కర్లేదు. వాటికంటే ముందు చూడాల్సినవి ఆరు ఎయిర్‌బ్యాగులు, జారుడును అదుపు చేసే ఈఎస్‌సీ, ఎక్కుడులో వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్, మంచి టైర్లు. మీటలు లేని చాలా ఆటోమేటిక్‌లలో గేర్ లివర్‌నే పక్కకు జరిపి ప్లస్, మైనస్ చేసుకోవచ్చు. కొన్నింటిలో ఎల్, ఎస్, లేదా 2 అనే స్థానాలు ఉంటాయి. దిగుడులో ఇవన్నీ అదే పని చేస్తాయి, ఒక చెయ్యి స్టీరింగ్ వదలాల్సి రావడమే తేడా. ఏటా రెండు మూడుసార్లు శ్రీశైలం వెళ్లే కుటుంబానికి ఆ తేడా విలువైనదే. ఎప్పుడూ నల్లగొండ, హైదరాబాద్ మధ్యే తిరిగే కారుకు మాత్రం అది లేకపోయినా గడుస్తుంది.

కరెంటు కార్లలో ఈ మీటల విలువ ఇంకా పెరిగింది. నెక్సాన్ ఈవీ, పంచ్ ఈవీ లాంటి వాటిలో మార్చడానికి గేర్లే లేవు. అక్కడ మీటలు కాలు తీసినప్పుడు మోటారు ఎంత గట్టిగా బండిని ఆపాలి అన్నదాన్ని పెంచి తగ్గిస్తాయి. ఆపగా వచ్చిన శక్తి బ్యాటరీకి చేరుతుంది. పెట్రోలు కారులో దిగుడు వేడంతా గాలిలో కలిసిపోతే, ఇక్కడ కొంత భాగం తిరుగు ప్రయాణానికి మిగులుతుంది. సిగ్నళ్ల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల దగ్గర రోజూ వాడుకోవచ్చు. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే శక్తి పోయడానికి చోటు ఉండదు, అప్పుడు ఈ పట్టు బాగా తగ్గుతుంది. అందువల్ల గుట్ట మీది వసతి గృహంలో వంద శాతం ఛార్జింగ్ చేసుకుని వెంటనే దిగడం మంచిది కాదు, 80 శాతం దగ్గర ఆపుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు చాలామంది ఖాళీ రోడ్డు మీద కుడి మీట లాగి పికప్ చూస్తారు. దానికి బదులు ఏదైనా ఫ్లైఓవర్ దిగుడు ఎంచుకుని, 50 కిలోమీటర్ల వేగంలో రెండు పెడళ్ల మీది నుంచీ కాలు తీసి ఎడమ మీటను ఒకసారి, తర్వాత ఇంకోసారి లాగి చూడాలి. ప్రతిసారీ బండి స్పష్టంగా నిదానించాలి, ఆ గేరు దిగుడు చివరిదాకా నిలవాలి. వెంటనే డీ లోకి వెళ్లిపోతే ఎం మోడ్‌లో మళ్లీ చూడాలి. ఇంట్లో ఆ కారు నడపబోయే మిగతావాళ్లను కూడా వెంట తీసుకెళ్లి, వాళ్ల చేత కూడా అక్కడే ఒకసారి చేయించాలి.